ఇరవయ్యో చిల్లు

ఫిబ్రవరి 4, మంగళవారం

డైరీ కొనడం దండగ అనిపించి, కళ్ళద్దాల ఆర్డర్లు రాసుకునే పాత పుస్తకంలోనే మొదలుపెట్టాను. ప్రతి పేజీలోనూ కుడి కన్ను, ఎడమ కన్ను అని రెండు గళ్ళున్నాయి. నా గోడు రెండు గళ్ళకీ అడ్డంగా పోతోంది. చదివేవాళ్ళెవరూ లేరు కనక ఫరవాలేదు.

క్లబ్బు నుంచి మా ఆవిడకి ఏటా వచ్చే ఉత్తరం ఇవాళ వచ్చింది. మార్చి ముప్ఫైలోపు సొంత రివాల్వర్‌తో ముప్ఫై తూటాలు కాల్చాలి. కనీసం ఇరవై గురి అట్ట మీద పడాలి. పడకపోతే లైసెన్సు రద్దు, రివాల్వర్ అప్పగించి రావాలి.

ఇరవై అట! మా ఆవిడకి! ఇరవై రెండేళ్ళుగా ముప్ఫైకి ముప్ఫై కొడుతున్న మనిషి. మా వంటింటి అరల్లో కాగితాలకి బదులు పరిచినవన్నీ ఆవిడ కాల్చిన అట్టలే. చిల్లులన్నీ నడిమధ్యలో గుంపుగా ఉంటాయి కాబట్టి పైన ఒక్క డబ్బా పెడితే చాలు, ఒక్కటీ కనపడదు.

నేను మాత్రం జన్మలో తుపాకీ పేల్చలేదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ముచ్చటపడి రివాల్వర్ నా చేతికిస్తే, గొట్టం నా వైపు తిప్పుకుని లోపలికి చూశాను. కళ్ళద్దాలవాణ్ణి కదా, ఏ గొట్టం దొరికినా కంటికి పెట్టుకోవడమే. తూటాలు లేవు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. ఆ తర్వాత ఆవిడ దాన్ని మళ్ళీ నా చేతికివ్వలేదు.

ఇప్పుడూ తూటాలు లేవు. "పోయినేడే ఆఖరి డబ్బా అయిపోయిందండీ," అంది. "నేను తెస్తాగా!" అన్నాను. రేపు సాయంత్రానికల్లా తెచ్చేవాడి ఫోజు.

ఈ మధ్య ఆవిడ కప్పు సాసర్లో పెడుతుంటే గలగలమంటోంది. దూరం అంచనా తప్పుతోందన్నమాట. ఎడమ కంట్లో పవర్ మారి ఉండాలి. అద్దాలు మార్చాలి.

ఫిబ్రవరి 8, శనివారం

తుపాకుల కొట్టుకి వెళ్ళాను. పేరుకే తుపాకుల కొట్టు. ముందు గదినిండా చేపల గాలాలు. తుపాకులు వెనక గదిలో దుమ్ము పట్టి ఉన్నాయి. కొట్టు ఆయన లైసెన్సు చూసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, నావైపు జాలిగా చూశాడు.

"ముప్ఫై ఎనిమిది సైజు తూటాల్లో ఇది పాత రకం సార్. పొట్టిగా, లావుగా ఉంటుంది. ఇప్పుడెవరు వాడుతున్నారు? అందరూ స్పెషల్ రకమే. అది కావాలంటే బస్తాలకి బస్తాలిస్తాను."

"ఇదే కావాలి."

"తెప్పించాలి మరి." కాగితం మీద ధర రాసి నావైపు తిప్పాడు. యాభై తూటాలకి మూడు మంచి ఫ్రేముల ధర! నేను ఏ ధరైనా ఫ్రేముల్లోనే లెక్కేసుకుంటాను. ఒక్క ఫ్రేము ధరైతే న్యాయం. ఆ మాటే ఆయనతో అన్నాను. "ఒక్క ఫ్రేముకి దొరికితే కళ్ళు మూసుకుని తీసుకుంటా."

ఇంకో పేచీ కూడా పెట్టాడు. నన్ను కొనమని ఆవిడ రాసిచ్చిన కాగితాన్ని లైసెన్సు పక్కన పెట్టి, "సంతకం కలవడం లేదే సార్," అన్నాడు. నిజమే, కాగితం మీది సంతకం కొంచెం వంకరటింకరగా ఉంది. కొత్త పెన్ను అని చెప్పాను. పెన్ను కొత్తది కాదు. ఏమో, రీఫిల్ కొత్తదేమో.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆవిడ కళ్ళు పరీక్ష చేశాను. ఎడమ కన్ను పావు పాయింటు తేడా. చెప్పలా!

ఫిబ్రవరి 13

కొత్త అద్దాలు బిగించి ఇచ్చాను. "బాగున్నాయండీ," అంది. కప్పు గలగల తగ్గలేదు. కొత్త అద్దాలు అలవాటవ్వడానికి వారం పడుతుంది, నేనే అందరికీ చెప్తాను కదా.

ఫిబ్రవరి 17, సోమవారం

క్లబ్బులో పాతకాపుల నంబర్లు సంపాదించి వరసగా ఫోన్లు చేశాను. ఒకాయన దగ్గర నాలుగే ఉన్నాయట, జ్ఞాపకార్థం దాచుకున్నాడట. ఇంకొకాయన తూటాల సంగతి వదిలేసి తన కళ్ళజోడు ముక్కు మీద జారిపోతోందని పావుగంట చెప్పి, రేపు కొట్టుకొస్తానన్నాడు. వేటకి వెళ్ళి నేనే బేరమైపోయాను. కాదు, బేరం నాకే తగిలింది. ఏది ఎవరికి తగిలిందో ఆయన బిల్లు కట్టాక తెలుస్తుంది.

చివరికి రేంజ్ మాస్టారికి చేశాను. క్లబ్బులో పరీక్ష పెట్టేదీ, అట్టల మీద చిల్లులు లెక్కపెట్టేదీ ఆయనే. "అమ్మగారికి తూటాలు లేకపోవడమేమిటండీ, ఆవిడ ఎప్పుడూ ఒక డబ్బా ముందే దాచుకుంటారే!" అన్నాడు. ఈసారి దాచుకోలేదన్నాను.

సాయంత్రం టీ ఇద్దరికీ సగం కప్పే పోశాను. నాకు టీ తగ్గించాలని ఉంది. నేనొక్కణ్ణే తగ్గిస్తే బాగుండదని ఆవిడకీ సగమే పోశాను.

ఫిబ్రవరి 22, శనివారం

మా బావమరిది రంగంలోకి దిగాడు. చవకగా అమ్ముతున్నారంటే చాలు, అవసరమా కాదా అని చూడడు. వాడి అటక మీద పిడి లేని గొడుగులు నలభై ఉన్నాయి. పిడులు వేరే కొనొచ్చంటాడు. పదేళ్ళుగా అంటున్నాడు.

"బావా, పక్క ఊళ్ళో ఒక తుపాకుల కొట్టు మూసేస్తున్నారు. సరుకంతా తుడిచిపెట్టేస్తున్నారు. ముప్ఫై ఎనిమిది రెండువందలున్నాయి. ఎంతో చెప్పనా? నీ ఒక్క ఫ్రేము ఖరీదు!"

ఒక్క ఫ్రేముకి రెండువందలు! నాలుగేళ్ళకి సరిపడా. "తీసేసుకో!" అని అరిచాను. కొట్లో కళ్ళు పరీక్ష చేయించుకుంటున్న ముసలావిడ ఉలిక్కిపడి, చదువుతున్న అక్షరాలు మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్తే, "అబ్బ, దొరికాయా?" అంది. సంతోషంగానే అంది. అన్నాక ఎందుకో వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు డబ్బాలు సర్దింది.

మార్చి 1, శనివారం

ఈ పేజీని చించేయాలి. చించను. నాలాంటి మూర్ఖుడి చరిత్ర ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

బావమరిది మధ్యాహ్నం సంచి తెచ్చి బల్ల మీద పోశాడు. ఆవిడ ఇనప్పెట్టెలోంచి రివాల్వర్ తీసి, ఒక తూటా చక్రంలో పెట్టింది. అది లోపల వదులుగా ఆడుతోంది. పైగా చిటికెన వేలి గోరంత బయటే ఉండిపోయింది. చక్రం మూతపడదు. ఇంకోటి పెట్టింది. అదీ అంతే. మూడోది పెట్టలేదు, నావైపు చూసింది.

స్పెషల్ రకం. సన్నం, పొడుగు. కొట్టు ఆయన బస్తాలకి బస్తాలిస్తానన్న రకం!

"ముప్ఫై ఎనిమిదేగా బావా! డబ్బా మీద రాసుందిగా!" అంటాడు వీడు. వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. లెన్సు మందం మిల్లీమీటర్లో వందో వంతు తేడా వస్తే ఫ్యాక్టరీకి తిప్పి పంపేవాణ్ణి, మందం కొలిచే వెర్నియర్ నా బల్ల మీదే పడుంటుంది, మరి కొలవమని ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు? లైసెన్సు జిరాక్సు వాడి చేతికిచ్చినప్పుడు కొట్టు ఆయన చెప్పిన 'పొట్టి, లావు' అన్నవి గుర్తున్నాయి కూడా. గుర్తున్నాయి. చెప్పలేదు. మరపు అనుకుందాం.

అమ్మినవి వెనక్కి తీసుకోరట. బావమరిది మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. "వీటికి సరిపడే రివాల్వర్ వేరే కొనొచ్చు బావా," అన్నాడు.

ఆవిడ నవ్వింది. పడీపడీ నవ్వింది. నెల రోజుల్లో ఆవిడ అలా నవ్వడం ఇదే మొదలు. నాకూ హాయిగా అనిపించింది. రెండువందల తూటాలు పనికిరాకపోతే మనిషికి హాయెందుకుండాలో మరి.

మార్చి 5

రెండో జత అద్దాలు. ఈసారి పచ్చ రంగు పూత. వెలుతురు తగ్గితే గురి కుదురుతుంది.

మార్చి 9, ఆదివారం

ఆవిడ సర్వే ఆఫీసులో నక్షాలు గీస్తుంది. స్కేలు లేకుండా గీత గీస్తే స్కేలే సిగ్గుపడాలి. ఇవాళ టీ తాగుతూ, రికార్డు గదికి మార్చమని తనే అర్జీ పెట్టానని చెప్పింది. ఫైళ్ళు తీయడం, పెట్టడం. గీసే పని ఉండదు.

"మంచి పని చేశావు, కళ్ళకి శ్రమ తగ్గుతుంది," అన్నాను.

"అవును, కళ్ళకే," అంది.

మార్చి 14, శుక్రవారం

తుపాకుల కొట్టు ఆయన ఫోన్. "సార్, మీ అదృష్టం పండింది. పాత రకమే, ఒక్క డబ్బా దొరికింది. మీరన్న ధరకే ఇస్తాను. ఒక్క ఫ్రేము!"

ఖరీదు ఎక్కువ అని చెప్పాను.

మార్చి 15, శనివారం

ఖరీదు ఎక్కువే. ఆలోచిస్తే ఒక ఫ్రేము అంటే తక్కువేం కాదు. అందులో ఏ ఫ్రేము అన్నది కూడా చూడాలి. నేను ఆ రోజు మామూలు ఫ్రేము ఉద్దేశించి అన్నాను. ఆయన మంచి ఫ్రేము అనుకున్నాడు. ఇలాంటివి ముందే ఖాయం చేసుకోవాలి. పైగా తూటాలు ఎప్పటివో ఏమో, పేలకపోతే? ఇంకా పదిహేను రోజులుంది. ఇంతకంటే చవకగా దొరకవా?

ఆవిడకి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, కొనలేదుగా.

మార్చి 20, గురువారం

మూడో జత. ఇంతకంటే మంచి లెన్సు ఈ ఊళ్ళో ఎవడూ పెట్టుకుని ఉండడు. కుడి కంటికి రేంజ్ దూరం, ఎడమ కంటికి చేతి దూరం. దీంతో కూడా కప్పు గలగలమంటే ఆ తప్పు కప్పుదే.

గలగలమంది. కప్పులు మార్చాను. స్టీలు గ్లాసులు తెచ్చాను. వాటికి సాసర్లుండవు.

మార్చి 24, సోమవారం

కొట్టునుంచి వచ్చేసరికి ఆవిడ బల్ల దగ్గర కూచుని ఉంది. ముందు ఇనప్పెట్టె, పక్కన బొత్తాల డబ్బా.

"తుపాకుల కొట్టు ఆయన మనింటికి ఫోన్ చేశాడు. డబ్బా ఇంకా ఉందట, కొంచెం తగ్గిస్తాట్ట. మీరు వద్దన్నారట కదా?"

ఖరీదు ఎక్కువని మొదలుపెట్టాను. మామూలు ఫ్రేముకీ మంచి ఫ్రేముకీ ఉన్న తేడా దాకా వచ్చాను. ఆవిడ అడ్డు చెప్పకుండా మొత్తం విని, బొత్తాల డబ్బా మూత తీసింది. లోపల బొత్తాల్లేవు. తూటాల అట్టపెట్టె ఉంది. పాత రకం. పొట్టిగా, లావుగా, యాభై. సీలు కూడా తీయలేదు.

"పోయినేడు కొన్నాను," అంది. "ఎప్పుడూ ఒకటి ముందే దాచుకుంటాగా."

"మరి లేవన్నావేం?" అన్నాను.

"మీరెందుకు వద్దన్నారో, నేనూ అందుకే లేవన్నాను." ఆవిడ కుడిచెయ్యి ఎత్తి మా ఇద్దరి మధ్యా గాల్లో పెట్టింది. రెండు నెలలుగా ఆ చేతిని ఒళ్ళోనో, కొంగులోనో, బల్ల కిందో పెట్టుకుంటోంది. నేనూ అటు చూడకుండా జాగ్రత్తపడుతున్నాను. చెయ్యి వణుకుతోంది. "జనవరిలోనే నరాల డాక్టరుకి చూపించుకున్నాను. మందులున్నాయి. కొంత ఆగుతుందట. పూర్తిగా తగ్గదు, మెల్లిగా పెరుగుతుందన్నాడు."

"కళ్ళేమో అనుకున్నాను," అన్నాను.

"మీరు అనుకోలేదు."

ఇంత తేలిగ్గా దొరికిపోతానని తెలిస్తే ఆ మూడు జతల లెన్సులూ మిగిలేవి. ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది, ఏది ముందొచ్చిందో రాయలేను.

"తూటాలు దొరకలేదని చెప్పి గడువు దాటించేద్దాం," అన్నాను. "ఓడిపోయినట్టు కాదు. దొరకలేదు, అంతే."

"మొన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను. మీరు ఊళ్ళన్నీ తిరుగుతుంటే హాయిగానే ఉంది. కానీ ఆ రివాల్వర్‌తో ఇరవై రెండేళ్ళు కాల్చానండీ. కాల్చి ఓడిపోతే వదిలేయగలను. కాల్చకుండా వదిలితే, చచ్చేదాకా 'ఏమో, కొట్టేదాన్నేమో' అనుకుంటూ కూచుంటాను. అలా కూచోవడం నాకిష్టం లేదు."

మార్చి 25

తూటా వెర్నియర్ పెట్టి కొలిచాను. సరిగ్గా ఉంది. ఇప్పుడు కొలిచాను, వెధవని.

మార్చి 30, ఆదివారం

పొద్దున్న తొమ్మిదికి రేంజ్‌కి వెళ్ళాం. ఆవిడ, నేను, సంచి మోస్తానని వచ్చిన బావమరిది. రేకుల షెడ్డు, ఇసక బస్తాలు, పదిహేను మీటర్ల దూరంలో చెక్కకి కొట్టిన అట్ట. మాస్టారు ఆవిడ చెయ్యి చూశాడు. చూడనట్టు అట్టకి మేకులు సరిచేశాడు. "రెండు చేతులతో పట్టుకోవచ్చమ్మా, ఈమధ్య రూలు మార్చారు," అన్నాడు. రూలు మార్చారో, ఆయనే మార్చాడో తెలీదు.

ఆవిడ మూడో జత అద్దాలు పెట్టుకుంది. చెవులకి మూతలు పెట్టుకుంది. రివాల్వర్ ఎత్తింది.

మొదటి ఆరూ నేను చూడలేదు. బావమరిది చొక్కా వీపు చూస్తూ నిలబడ్డాను. తర్వాత నాకే సిగ్గేసి చూశాను. గొట్టం అంచు గాల్లో చిన్న సున్నా చుడుతోంది. ఆవిడ ఆ సున్నాతో పేచీ పెట్టుకోవడం లేదు. అది చుట్టి చుట్టి మధ్యకొచ్చేదాకా ఆగి, అప్పుడు నొక్కుతోంది. ఒక్కోసారి ముందే పేలుతోంది. ఇసక బస్తాల్లోంచి దుమ్ము లేస్తోంది. ముప్ఫై అయ్యేసరికి మామూలుగా పట్టేదానికి రెండింతల సమయం పట్టింది. చొక్కా తడిసిపోయింది. ఆవిడది కాదు, నాది.

మాస్టారు అట్ట తెచ్చి బల్ల మీద పెట్టి లెక్కపెట్టాడు. పంతొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. పంతొమ్మిదే.

ఈ క్లబ్బులో ఒక పద్ధతుంది. ఒకే చిల్లులోంచి రెండు తూటాలు వెళ్ళి ఉండొచ్చని అనుమానమొస్తే భూతద్దం పెట్టి చూస్తారు. చిల్లు అంచున రెండు వంపులు కనిపిస్తే 'జంట' అని రెండుగా రాస్తారు. ఒకప్పుడు ఆవిడ అట్టల మీద జంటలు తేల్చలేక మాస్టారు తల పట్టుకునేవాడు.

ఆయన కుడివైపు మూలన ఉన్న చిల్లు మీద వేలు పెట్టాడు. అది మిగతా వాటికంటే కొంచెం కోలగా ఉంది. "ఇది జంటలా లేదూ? నా కళ్ళు ఆనడం లేదు. మీరు అద్దాలవారు, మీ దగ్గర భూతద్దం ఉంటుంది కదా? మీరు చూసి ఏది చెప్తే అది రాస్తాను," అన్నాడు. కలం మూత తీసి నాకేసి చూశాడు. ఆయన నాకేం ఇస్తున్నాడో నాకు అర్థమైంది.

జేబులోంచి పది రెట్ల భూతద్దం తీసి వంగాను. లెన్సు మీద వెంట్రుక సన్నపు గీత కూడా దాని ముందు దాగదు. చిల్లు అంచు గుండ్రంగా, ఒక్కటే వంపు. ఒక పక్క కాగితం పొర చిరిగి లేచి ఉంది, అందుకే కోలగా కనిపిస్తోంది. ఒక్క చూపులో తెలిసిపోయింది. అయినా వంగే ఉన్నాను. లేచి 'జంట' అంటే చాలు. రివాల్వర్ ఇంటికొస్తుంది. ఇంకో ఏడాది. వచ్చే ఏడు ఇంకేదో చూసుకోవచ్చు. అబద్ధాలు నాకు కొత్తా? రెండు నెలలుగా ఇదే పుస్తకంలో, నాకే చెప్పుకుంటున్నాను.

"జంటే, జంటే," అన్నాడు వెనకనుంచి బావమరిది, ఏమీ చూడకుండానే.

ఆవిడ నా పక్కకి వచ్చి నిలబడింది. "ఏమండీ, మీకు కనిపించింది చెప్పండి," అంది.

నడుం ఎత్తాను.

"ఒకటే," అన్నాను.

మాస్టారు పంతొమ్మిది అని రాశాడు. బావమరిది నన్ను చంపేసేలా చూశాడు. ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. అందరి ముందూ ఎప్పుడూ నా చెయ్యి పట్టుకోని మనిషి, ఆ వణికే చేత్తోనే పట్టుకుంది. వణుకు నా మోచేతి దాకా వచ్చింది. మొదటిసారి చూశాను దాన్ని, అంత దగ్గరగా, భూతద్దం లేకుండా.

రివాల్వర్ తుడిచి, చక్రం ఖాళీగా ఉందని చూపించి, మాస్టారికి అప్పగించింది. రసీదు రాసిచ్చాడు. మిగిలిన ఇరవై తూటాలూ కూడా ఇచ్చేసింది. "వీటి కోసం ఎవరైనా ఊళ్ళన్నీ తిరుగుతుంటే ఊరికే ఇచ్చేయండి," అంది.

బయటికొచ్చాక కళ్ళజోడు తీసి మడిచి నా జేబులో పెట్టింది.

"అద్దాలు చాలా బాగా చేశారండీ. అట్ట మీద గీత గీతా కనిపించింది."

మార్చి 31, సోమవారం

బావమరిది పొద్దున్నే వచ్చి రెండువందల తూటాలూ తీసుకెళ్ళాడు. కొట్టు ఆయనకి అమ్ముతాడట. ఆయన దగ్గర బస్తాలున్నాయని చెప్పాను. "ఇంకో బస్తా అవుతుంది, ఏం పోయింది," అన్నాడు.

నిన్నటి అట్టని ఆవిడ ఉప్పు, పంచదార ఉండే అరలో పరిచింది. చిల్లులు అట్టనిండా ఉన్నాయి, ఎన్ని డబ్బాలు సర్దినా ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంది. బుధవారం డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. అడగాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. కళ్ళ గురించి ఒక్కటీ లేదు.

సాయంత్రం స్టీలు గ్లాసులు పక్కన పెట్టి పాత కప్పులు తీసింది. నేను అలవాటుగా సగమే పోశాను.

"నిండా పోయండి," అంది.

"ఒలుకుతుంది."

"ఒలికితే తుడుద్దురుగాని."

నిండా పోశాను. ఒలికింది. తుడిచాను.